ఈస్టరు అయ్యాక

ప్రభువు నిజంగానే నోరు విప్పలేదా అన్న సందేహం పిల్‌రేకి పెళ్ళయిన తొలి ఏడాది నుంచీ ఉంది. పెద్ద సందేహమేమీ కాదు, చేపముల్లు లాంటిది. గొంతులో ఎక్కడో అడ్డం పడి ఉంటుంది. అన్నం దిగుతుంది, కీర్తన పలుకుతుంది, ఆమెన్ కూడా వస్తుంది. మింగినప్పుడల్లా మాత్రం నేనిక్కడే ఉన్నానంటుంది. ఆదివారాలు చర్చి వంటింట్లో సంఘం మొత్తానికి పులుసు కాస్తూ, బుట్టలకొద్దీ ముల్లంగి తరుగుతూ ఉన్నప్పుడు, మేడ మీది నుంచి పాస్టరుగారి ప్రసంగం గోడల్లోంచి సన్నగా దిగుతుంటే ఆ ముల్లు కదిలేది. ప్రసంగం వినడం మగవాళ్ళ వంతు, ప్రసంగం ముగిసేసరికి అన్నం ఉడికి ఉండేలా చూడడం ఆడవాళ్ళ వంతు. అలా అని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండా జరిగేవే ఎక్కువ కదా.

తొలి చెంపదెబ్బ ఆ ఏడాది చలికాలంలోనే తగిలింది. గున్సాన్ రేవులో ఆమె భర్త సంగ్‌హ్వాన్‌కు తాళ్ళ కొట్టు ఉంది. పడవల తాళ్ళు, వలలు, రంగుడబ్బాలు అమ్ముతాడు. ఒక జాలరి వచ్చి, "ఈ తాడు కొత్తదేనా అమ్మా?" అని అడిగాడు. "కాదండీ, పోయినేడాది సరుకు" అంది పిల్‌రే. ఆ తాడును నమ్ముకుని అతను సముద్రం మీదికి వెళ్ళాలి మరి. జాలరి కొనకుండా వెళ్ళిపోయాడు. సంగ్‌హ్వాన్ కొట్టు తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా కొట్టాడు. ఇంటికొచ్చాక వాచిన చెంప చూసి అత్తగారు చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి ఇచ్చింది. ఇచ్చి, "ఏడవకు. బొచ్చు కత్తిరించేవాడి ముందు గొర్రె అరుస్తుందా? ప్రభువును అంతమంది కొట్టారు, ఒక్కసారైనా నోరు విప్పాడా? నోరు మూసుకున్నాడు కాబట్టే ప్రభువయ్యాడు" అంది. అత్తగారికి ఎడమ చెవి వినబడదు. అది మామగారి చేతి చలవ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడుకోరు.

పిల్‌రే బైబిలు చదవకపోలేదు. ఏటా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి క్రిస్మస్ లోపల చివరి పేజీకి వస్తుంది. కానీ కోడలి చదువు ఎలా ఉంటుంది? ఒక చెవి కుక్కరు మీద, ఒక చెవి అత్తగారి దగ్గు మీద. కళ్ళు వరసల మీది నుంచి నడిచిపోతాయి, మాట మిగలదు.

ఈ ఏడాది శ్రమల కాలం మొదలయ్యే ముందు గృహ ప్రార్థన వాళ్ళింట్లో జరిగింది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే, ఈస్టరు దాకా ఏం మానేస్తారో చెప్పారు. ఒకరు కాఫీ అన్నారు, ఒకరు టీవీ సీరియళ్ళు అన్నారు. హాన్ డీకనమ్మ పేకాట అంది, అందరూ నవ్వారు. సంగ్‌హ్వాన్ వంతు వచ్చింది. ఈస్టరు నాటి మధ్యాహ్నం సంఘ పెద్దల ఎన్నిక ఉంది, అందులో అతని పేరూ ఉంది. తల వంచుకుని, "నేను కోపం మానేస్తాను" అన్నాడు. అందరూ ఒక్కసారే ఆమెన్ అన్నారు. పాస్టరుగారు అతని భుజం పట్టుకుని, "అన్నిటికన్నా కష్టమైన ఉపవాసం ఇది, బ్రదర్" అన్నారు. వచ్చినవాళ్ళకు పళ్ళెంలో బియ్యప్పిండి రొట్టెలు సర్దుతున్న పిల్‌రేకి తెలుసు, అతను మానేసినది ఏమిటో. కాఫీ మానినవాళ్ళు ఈస్టరు మర్నాడు ఏం తాగుతారో కూడా తెలుసు.

మాట నిలబెట్టుకున్నాడు, అది నిజం. చెయ్యి ఎత్తలేదు. పులుసులో ఉప్పెక్కువైతే గిన్నె పక్కకు జరిపి, "ఈస్టరు అయ్యాక మాట్లాడదాం" అనేవాడు. కొట్టులో తాడు మూరెడు తక్కువ కోస్తే, "ఈస్టరు అయ్యాక." జొంజులో నర్సింగు చదువుతున్న కూతురు మిరాన్‌తో ఫోన్లో ఎక్కువసేపు మాట్లాడితే, చిరునవ్వుతో, "ఈస్టరు అయ్యాక." మునుపు దెబ్బ తగిలితే ఆ పూటకు అయిపోయేది. ఇప్పుడు ప్రతిదీ ఎక్కడో పోగుపడుతోంది. తెల్లవారుజాము ప్రార్థనలో ఆమె కళ్ళు మూసుకుని, ప్రభువా, నీ పునరుత్థానం ఈసారి కాస్త ఆలస్యం చెయ్యి అని వేడుకుంది. వేడుకున్నాక తనకే భయమేసింది. అలాంటి ప్రార్థన ఎవరైనా చేస్తారా?

సరిగ్గా అప్పుడే ఆ సినిమా వచ్చింది. ప్రభువు చివరి రోజు కథ. ఎక్కడో పరాయి దేశంలో ఒకావిడ హాల్లోనే గుండె ఆగి చనిపోయిందని చెప్పుకున్నారు. ఇంత రక్తం చూపించడం భక్తి కాదు, ఒక జాతి మీద ద్వేషం రేపడం అని ఒక ప్రొఫెసరు పేపర్లో రాశాడు. సంగ్‌హ్వాన్ ఆ పేపరు మడిచి అవతల పడేసి, "ఆ ప్రొఫెసరుకి దెబ్బంటే ఏంటో తెలీదు" అన్నాడు. పాస్టరుగారు ఒక ఉదయం ఆటను మొత్తంగా సంఘం కోసమే మాట్లాడి పెట్టారు. మిరాన్‌ను కూడా రమ్మని చెప్పమని సంగ్‌హ్వాన్ అంటే పిల్‌రే ఫోన్ చేసింది.

"రెండు గంటలు మనిషిని కొట్టడం చూడ్డానికి టిక్కెట్టు కొనాలా అమ్మా?" అంది మిరాన్. "మనింట్లో ఊరికే చూశాగా."

"చలిగా ఉంది, మేజోళ్ళు వేసుకో" అని పిల్‌రే ఫోన్ పెట్టేసింది. భర్తతో, "దానికి పరీక్షలటండీ" అంది.

సినిమా హాలు ముందు ఎండు స్క్విడ్ చేపలు కాల్చి అమ్మే మనిషి ఆ పూట దిగులుగా కూర్చున్నాడు. ప్రభువు శ్రమలు చూస్తూ ఏదీ నమలకూడదని పాస్టరుగారు ముందే చెప్పారు. అయినా ఎవరో తెచ్చుకున్నారు, చీకట్లో ఆ వాసన వస్తూనే ఉంది. అత్తగారికి చెవి వినబడే కుడిపక్కన పిల్‌రే కూర్చుంది, పిల్‌రేకి అటుపక్క సంగ్‌హ్వాన్. తెర మీద మనుషులు ఏదో పురాతన భాష మాట్లాడుతున్నారు. ఆ మాటల అర్థం చెప్పే తమ భాష అక్షరాలు తెర కుడి అంచున పైనుంచి కిందికి నిలువుగా పడి మాయమవుతున్నాయి. అత్తగారి కళ్ళకు అవి అందవు.

"ఏమంటున్నాడే?"

"మెలకువగా ఉండండి అంటున్నాడు అత్తయ్యా."

"ఎవరితో?"

"శిష్యులతో. వాళ్ళు నిద్రపోతున్నారు."

"మగాళ్ళు అంతే" అంది అత్తగారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

అలా ప్రతి మాటా పిల్‌రే చదివి చెబుతూ ఉంది. ఒంటి చెవి మనిషికి చెప్పాలంటే గొంతు పెంచక తప్పదు. ప్రభువును పట్టి, చేతులు కట్టి, ప్రధాన యాజకుడి ముందు నిలబెట్టారు. ఆయన ఏదో జవాబు చెప్పాడు. పక్కనున్న బంట్రోతు చెంప మీద కొట్టాడు. కొరడా కాదు, మేకులు కాదు, ఉత్త చెయ్యి. హాల్లో ఎవరూ పెద్దగా కదల్లేదు. అసలు దెబ్బలు ముందున్నాయని అందరికీ తెలుసు. తెర మీద ఆయన కొట్టినవాడి వైపు మెల్లగా తిరిగి ఏదో అన్నాడు.

"ఏమన్నాడు? ఏమన్నాడే?"

అక్షరాలు పడుతున్నాయి. పిల్‌రే అలవాటుగా చదివేసింది. "నేనన్నది తప్పయితే ఏం తప్పో చెప్పు. తప్పు కాకపోతే... ఎందుకు కొట్టావు?"

చదివేశాక ఆ గొంతు ఎవరిదో ఆమెకు ఒక్క క్షణం తెలియలేదు. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రానిది, చీకట్లో, ఇంతమంది మధ్య, గట్టిగా. రెండు కుర్చీల మధ్య చెక్క మీద ఉన్న సంగ్‌హ్వాన్ చెయ్యి బిగుసుకోవడం ఆమె చూడలేదు, చూడకుండానే తెలిసింది.

"అలా అన్నాడా?" అంది అత్తగారు. "ప్రభువే?"

ఆ తర్వాత కొరడా వచ్చింది. హాలంతా ఏడ్చింది. ఒకావిడ నోరు నొక్కుకుని బయటికి పరిగెత్తింది. వెనక ఒక కుర్రాడు "ప్రభువా, ప్రభువా" అని కేకలు పెట్టాడు. సంగ్‌హ్వాన్ మోకాళ్ళ మీదికి వంగి భుజాలు అదిరేలా వెక్కి వెక్కి ఏడ్చాడు. దెబ్బ పడినప్పుడల్లా అందరూ కళ్ళు మూసుకున్నారు. పిల్‌రే మూసుకోలేదు. దెబ్బకు ముందు, ఆ అరక్షణం, మనిషి వీపు దానంతటదే ఎలా ముడుచుకుపోతుందో ఈ నటుడికి ఎవరూ చెప్పలేదు కాబోలు అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. అయినా కళ్ళు తడవలేదు.

బయట ఎండలో అందరూ ముక్కులు తుడుచుకుంటూ నిలబడ్డారు. హాన్ డీకనమ్మ సంగ్‌హ్వాన్ వైపు చూసి, "ఎంత మెత్తటి మనసు! మా ఆయన ఆవలిస్తూ కూర్చున్నాడు" అని, పిల్‌రే మొహంలోకి వంగి చూసింది. "ఏంటి మిరాన్ వాళ్ళమ్మా, నీ కళ్ళు ఎండుచేప కళ్ళలా ఉన్నాయి? ఒక్క చుక్కా లేదే!"

"అక్షరాలు చదవాలిగా. ఏడిస్తే కనబడవు" అంది పిల్‌రే.

పాస్టరుగారు నవ్వి, ఈస్టరు ఆరాధనలో కొందరు సాక్ష్యం చెప్పాలి, సినిమా చూసి ఎవరి మనసు ఎలా కరిగిందో చెప్పాలి, ఎన్నికకు నిలబడ్డవాళ్ళ ఇల్లాళ్ళు కూడా చెబితే బాగుంటుంది అన్నారు. సంగ్‌హ్వాన్ ఎర్రటి కళ్ళతో, "తప్పకుండా చెబుతుంది" అన్నాడు. కారులో ఇంటికి వెళ్ళేటప్పుడు కళ్ళు రోడ్డు మీదే పెట్టి నడిపాడు. రేవు మలుపు దగ్గర, "అంత గట్టిగా చదవాలా?" అన్నాడు. ఆమె మాట్లాడకముందే తనే అన్నాడు. "సరే. ఈస్టరు అయ్యాక."

ఆ సాయంత్రం పిల్‌రే బైబిలు తీసి, నాలుగో సువార్తలో వెతికింది. ఉంది. ఎప్పటి నుంచో ఉంది. ఆ పేజీ అంచున ఎప్పుడో తన చేతి పసుపు మరక కూడా ఉంది. ఏ ముల్లంగి పచ్చడి పెడుతూనో చదివి ఉంటుంది. మరక మిగిలింది, మాట మిగల్లేదు.

మర్నాడు అత్తగారి కాలిగోళ్ళు తీస్తోంది. ముసలామె కాలు ఒళ్ళో పెట్టించుకుని కిటికీలోకి చూస్తూ ఉంది.

"నిజంగా అలా అడిగాడా? నువ్వు కల్పించావా?"

"బైబిల్లో కూడా ఉంది అత్తయ్యా. చూపిస్తాను."

"చూపిస్తే నాకు కనబడుతుందా ఏంటి." కాసేపటికి మళ్ళీ అంది. "ఇన్నేళ్ళు చర్చికి పోయాను. ఒక్క పాస్టరూ నాకు చెప్పలేదేం?"

పిల్‌రే గోరు ముక్కలు కాగితంలో మడిచింది.

"మీ మామ పోయి కూడా చాలా కాలమైంది" అంది అత్తగారు. "ఇప్పుడు ఎవర్ని అడగను?"

వంటింట్లో పై అరలో ఒక సొట్టబడ్డ అల్యూమినియం గిన్నె ఉంది. మిరాన్ పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. బాలింతకు సముద్రపు నాచు పులుసు కాచిపెట్టడం ఎంత లేనివాళ్ళయినా చేస్తారు. మిరాన్ పుట్టినప్పుడు ఈ ఇంట్లో ఎవరూ కాయలేదు. "కొడుకును కన్నావా ఏంటి?" అన్నారు. మూడోనాడు చర్చి స్నేహితురాలు ఓక్‌బున్ ఆల్చిప్పలు వేసి కాచిన పులుసు ఆ గిన్నె నిండా తెచ్చింది. అప్పటికి ఓక్‌బున్ కంటి కింద కూడా నల్లగా కమిలి ఉంది. "వేడిగా ఉన్నప్పుడే తాగు. నా మొహం తర్వాత చూద్దువుగాని" అంది. ఆ నెలలోనే ఓక్‌బున్ మొగుణ్ణి వదిలేసి, కోర్టుకు వెళ్ళింది. సంఘంలో ఆమె పేరు కొట్టేశారు. "ఆ మనిషి గుమ్మం తొక్కితే ఈ గుమ్మం మరిచిపో" అన్నాడు సంగ్‌హ్వాన్. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపకూడదు, అది పద్ధతి. నిండుగా పంపనివ్వలేదు. అందుకని గిన్నె అక్కడే ఉండిపోయింది. ఓక్‌బున్ పాత బజారులో ఎండు నెత్తళ్ళు, నాచు అమ్ముకుంటుంది. ఇన్నేళ్ళూ పిల్‌రే ఆ సందు తప్పించి, చుట్టూ తిరిగి కూరలకు వెళుతోంది.

శ్రమల వారం వచ్చింది. శనివారం రాత్రి అన్నాల దగ్గర సంగ్‌హ్వాన్ సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పాడు. "ఎక్కువ అక్కర్లేదు. నేను పాపిని, ఆ దెబ్బలన్నీ నా తప్పుల వల్లే, అని చెప్పు. కాస్త ఏడువు. వస్తే."

"ఆ దెబ్బలన్నీ నా తప్పుల వల్లే" అని పిల్‌రే మెల్లగా అంది. ఆ మాట ఆమె నోటికి కొత్త కాదు.

"అదీ" అన్నాడు. బార్లీ టీ తాగి, గ్లాసు పెడుతూ, మామూలుగా, దాదాపు ప్రేమగా అన్నాడు. "రేపటితో అయిపోతుంది కదా."

తెల్లవారుజామున ఆమె పై అర మీది గిన్నె దింపింది. తోమింది. ముందురోజే నానబెట్టిన నాచు నువ్వుల నూనెలో వేయించి, ఆల్చిప్పలు వేసి, పులుసు కాచింది. సంచిలో మార్చుకునే బట్టలు రెండు జతలు, బైబిలు పెట్టింది. అడిగితే చర్చి వంటకు అని చెబుదామనుకుంది. ఎవరూ అడగలేదు. ఆదివారం పూట ఆమె గిన్నె మోయడం ఆ ఇంట్లో ఎవరికి వింత?

ఆరాధనలో నలుగురైదుగురు సాక్ష్యం చెప్పారు. అందరూ కొరడాల గురించే. తర్వాత ఆమె పేరు పిలిచారు. మైకు ఎత్తుగా ఉంది, ఎవరో దించారు.

"నేను కింద పులుసు కాచే మనిషిని. ఇక్కడ నిలబడ్డం అలవాటు లేదు" అంది పిల్‌రే. కొందరు ఆప్యాయంగా నవ్వారు. "నేను పాపిని. అందులో అనుమానం లేదు. అందరూ పెద్ద దెబ్బల గురించి చెప్పారు. నాకు మాత్రం మొదటి చెంపదెబ్బ మనసులో ఉండిపోయింది. ప్రభువు నోరు విప్పలేదని నాకు చెప్పారు. నేను నమ్మాను. నేనూ విప్పలేదు. కానీ ఆయన విప్పాడు. కొట్టినవాణ్ణి, ఎందుకు కొట్టావని అడిగాడు. కొరడాకు తల వంచినవాడు చెంపదెబ్బకు ఎందుకు అడిగాడో నాకు తెలీదు. పాస్టరుగారు చెప్పాలి. కానీ ఆయన అడిగిన మాట మనం అడిగితే పాపం కాదనుకుంటున్నాను."

ఆమె ముందు వరసలో కొత్త సూటు వేసుకుని కూర్చున్న భర్త వైపు తిరిగింది.

"ఏమండీ. ఆ తాడు పోయినేడాదిదే కదండీ. నేనన్నది నిజమే కదా. మరి ఎందుకు కొట్టారు?"

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు కీర్తనల పుస్తకం తెరిచి, ఏ పేజీయో వెతుకుతూ ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి అత్తగారి గొంతు పైకి లేచింది.

"ఏమందే? ఏమందీ?"

పక్కనున్న హాన్ డీకనమ్మ ముసలామె చేతి మీద తట్టి ఊరుకోబెట్టబోయింది. "ఏమంది, చెప్పవే?" చివరికి ఆవిడ వంగి, మంచి చెవిలో, తప్పక గట్టిగా చెప్పింది. "ఎందుకు కొట్టారూ... అని అడుగుతోందండీ."

హాలంతా రెండోసారి వింది.

అత్తగారు హాన్ డీకనమ్మ చెయ్యి పక్కకు తోసింది. "అడగనీ" అంది.

పిల్‌రే మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద సంఘం పులుసు ఉడుకుతోంది. మంట తగ్గించింది. గరిటె పక్కన పెట్టింది. మూల గుడ్డ కింద ఉన్న గిన్నె, సంచి తీసుకుని వెనక తలుపు నుంచి బయటికి నడిచింది. పైన పాట మొదలైంది, సగం గొంతులతో.

పాత బజారులో ఓక్‌బున్ నెత్తళ్ళు చెరుగుతూ ఉంది. జుట్టు నెరిసింది, గొంతు మారలేదు. గిన్నె చూసి, ఆ తర్వాత మనిషిని చూసింది.

"ఇన్నేళ్ళు ఉడికించావా ఈ పులుసు?"

"చల్లారిపోయింది అక్కా. వెచ్చబెట్టనా?"

"ఉండు, చూడనీ." కొట్టు వెనక చిన్న గదిలో ఓక్‌బున్ మూత తీసి, చెంచాతో ఒకసారి, మళ్ళీ ఒకసారి తాగింది. తర్వాత అడుగు దాకా తాగింది. ముక్కు తుడుచుకుని, "ఉప్పు సరిపోలేదు" అంది. "నీ బాకీ తీరింది పో. చీకటి పడేలోపల ఇంటికి చేరు."

పిల్‌రే చొక్కా చేతులు పైకి మడిచి, పంపు కింద గిన్నె కడిగింది. తుడిచింది. "ఇది ఎక్కడ ఉండేది?" అని అడిగి, ఓక్‌బున్ చూపించిన అరలో బోర్లించింది.

తర్వాత సంచి గోడ పక్కన పెట్టి అంది. "నీ రెండో దుప్పటి ఎక్కడుంది అక్కా?"